గుత్తిలుడి తీగలు



ఒకప్పుడు కాశీలో వీణ పోటీ జరిగింది. పోటీ గురుశిష్యుల మధ్య. గురువు గుత్తిలుడు రాజుగారి కొలువులో వైణికుడు, వయసు మళ్లినవాడు. శిష్యుడు మూసిలుడు ఉజ్జయిని నుంచి వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నాడు. గుప్పిట్లో ఏమీ దాచుకోకుండా ఉన్నదంతా చెప్పేశాడు గుత్తిలుడు. విద్య పూర్తి కాగానే కుర్రవాడు రాజుగారి దగ్గర కొలువు అడిగాడు. ఇస్తాను గానీ మీ గురువు జీతంలో సగమే ఇస్తానన్నాడు రాజు. ఆయనకు వచ్చినదంతా నాకూ వచ్చు, సగానికి ఎందుకొప్పుకుంటాను అన్నాడు మూసిలుడు. అయితే తేల్చుకోండి అని, ఏడో రోజున పోటీ పెట్టి, ఊళ్లో చాటింపు వేయించాడు రాజు.

బౌద్ధ జాతక కథల్లో ఇది 243వ కథ. ఇందులో నాకు పోటీ కన్నా పోటీకి ముందటి రోజులే ఎక్కువ ఇష్టం. ఓడితే పరువు పోతుంది, అంతకన్నా చావు నయమని ముసలాయన అడవికి పోతాడు. అడవిలో చావంటే భయమేస్తుంది, ఇంటికి వచ్చేస్తాడు. ఇంట్లో ఓటమి గుర్తొస్తుంది, మళ్లీ అడవి దారి. ఇలా ఆరు రోజులు తిరిగేసరికి ఆయన కాళ్ల కింద గడ్డి చచ్చి బాట పడిందట. పిల్లల్ని సంగీతం పోటీలకు తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆ బాట ఎక్కడుందో నేను చెప్పక్కర్లేదు.

చివరికి ఇంద్రుడు దిగివచ్చి ఉపాయం చెప్పాడు. వాయిస్తూ వాయిస్తూ ఒక్కో తీగే తెంచెయ్యమన్నాడు. ఏడు తీగల వీణ అది. గుత్తిలుడు మొదటి తీగ తెంచితే తెగిన కొస నుంచే నాదం వచ్చింది. రెండోది తెంచాడు, మూడోది తెంచాడు. ఏడూ తెగాక వట్టి వీణ మోగుతూంటే కాశీ అంతా వినపడింది. అది చూసి మూసిలుడూ తన తీగలు తెంచుకున్నాడు. అతని వీణ మూగబోయింది. జనం రాళ్లు రువ్వి ఆ కుర్రవాణ్ణి చంపేశారు. పోటీ అక్కడితో అయిపోతుంది. ఈ ముగింపు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఓడినవాడు ఇంటికి పోయి మళ్లీ సాధన చేసుకునే వీలు లేకపోతే, దాన్ని పోటీ అని ఎలా అంటాం?

ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, నేడు నేను చెప్పదలుచుకున్నది హార్ప్ అనే వాద్యానికి దేశదేశాల్లో జరిగే యువ కళాకారుల పోటీల గురించి. హార్ప్ మనది కాదు కదా అంటారు. గుత్తిలుడి చేతిలో ఉన్నది హార్పే.

మనం నవరాత్రుల్లో సరస్వతి ఒడిలో చూసే వీణకు దండి ఉంటుంది, దండి మీద 24 మెట్లు ఉంటాయి, మెట్ల మీద తీగ నొక్కి స్వరం తీస్తాం. ఈ వీణ మూడు నాలుగు వందల ఏళ్ల నాటిది. తంజావూరులో తెలుగు కవులను పోషించి తానూ తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 17వ శతాబ్ది మొదట్లో, దీనికి ఈ రూపం స్థిరపడింది. అంతకు చాలా ముందు వీణ అంటే వేరు. వంగిన కొమ్మ ఒకటి, దాని మొదట్లో తోలు కప్పిన పడవ ఆకారపు బుర్ర, కొమ్మ నుంచి బుర్రకు బిగించిన తీగలు. ఒక్కో తీగకు ఒక్కో స్వరం. మెట్లు లేవు, నొక్కడం లేదు, మీటడమే. దాన్నే ఇంగ్లీషువాళ్లు హార్ప్ అంటారు.

దీనికి సాక్ష్యం ఎక్కడో లేదు, మన కృష్ణ ఒడ్డునే ఉంది. అమరావతి స్తూపం శిల్పాలు ఇప్పుడు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం నాటి ఆ సున్నపురాతి పలకల మీద నాట్యం చేసే స్త్రీల పక్కన వాద్యబృందం కనిపిస్తుంది. వేణువు ఊదేవాళ్లు, మద్దెల కొట్టేవాళ్లు ఉంటారు. ఒడిలో వంపు తిరిగిన ఈ వీణను పెట్టుకుని వాయించే ఆడవాళ్లూ ఉంటారు. ఆ వేళ్ల వంపు శిల్పి ఎంత శ్రద్ధగా చెక్కాడంటే, మీటేది ఏ వేలో చెప్పొచ్చు. ఉత్తరాదిన సముద్రగుప్తుడు తన బంగారు నాణెం మీద ఇదే వీణ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. భరతుడి నాట్యశాస్త్రంలో ఏడు తీగల చిత్రవీణ, తొమ్మిది తీగల విపంచి ఈ జాతివే. పాత పుస్తకాల్లో వీణ అన్నచోటల్లా ఇప్పటి వీణను ఊహించుకోవడం పొరపాటని కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి 1930లోనే శిల్పాలు ముందు పెట్టి వాదించాడు.

భరతుడు 22 శ్రుతులను నిరూపించిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. ఒకే శ్రుతిలో ఉన్న రెండు వీణలు తీసుకోమంటాడు. ఒకదాన్ని కదపకుండా ఉంచి, రెండోదాని తీగలు కొంచెం కొంచెంగా దించుకుంటూ రమ్మంటాడు. మెట్ల వీణతో ఈ ప్రయోగం ఊహించడానికి ప్రయత్నిస్తే తల తిరుగుతుంది. స్వరానికో తీగ ఉన్న వాద్యమైతే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

మరి అంత గౌరవం ఉన్న వాద్యం మన దగ్గర ఏమైంది? సుమారు వెయ్యేళ్ల కిందటికి శిల్పాల్లో కనబడటం మానేసింది. మా ఊరు మంగళవాడ నుంచి హిందూపురం మీదుగా పోతే లేపాక్షి వస్తుంది. అక్కడి నాట్యమంటపం స్తంభాల మీద 16వ శతాబ్దిలో చెక్కిన తుంబురుడు వీణ వాయిస్తూంటాడు. చెక్కింది తెలుగునేల మీదే, పేరు వీణే, కానీ అది తిన్నని దండి ఉన్న వీణ. అమరావతి వంపు అందులో లేదు. కారణం నాకు తోచినంతలో ఒకటే, గమకం. మన చెవి స్వరాన్ని నిలబెట్టి వినడం మానేసి, ఊపి, జార్చి, కంపింపజేసి వినడానికి అలవాటు పడింది. తోడిలో గాంధారం ఒకచోట నిలిస్తే అది తోడి కాదు. హార్ప్ తీగ మీటితే ఎక్కడ పుట్టిన స్వరం అక్కడే ఉంటుంది. ఊపుదామంటే దొరకదు. రాగం ఇటు నడిచింది, వాద్యం అటే ఉండిపోయింది.

ఇక్కడ పాలకొల్లు పిల్లవాడు మాండలిన్ శ్రీనివాస్ గుర్తుకు రావాలి. మాండలిన్ కూడా గమకానికి లొంగే వాద్యం కాదు. నాలుగు జతల తీగలు, మీటితే టింగుమని ఆగిపోయే శబ్దం. ఆ జతలు తీసేసి విడి తీగలు వేసి, విద్యుత్తు పరికరంతో నాదం నిలబెట్టి, దాన్ని గమకానికి ఒప్పించాడు. తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేశాడు. పదమూడు పద్నాలుగేళ్లకు బెర్లిన్ వేదిక ఎక్కాడు. అమరావతి వీణకు అలాంటి పిల్లవాడు సకాలంలో పుట్టలేదు. పుట్టి ఉంటే ఏమయ్యేదో అని ఒక్కోసారి ఆలోచిస్తాను.

మన దగ్గర పోయింది గానీ లోకంలో పోలేదు. బౌద్ధంతో పాటు సముద్రం దాటి బర్మా చేరింది. 9వ శతాబ్ది మొదట్లో బర్మా ప్యూ రాజ్యం నుంచి చైనా చక్రవర్తి కొలువుకు వెళ్లిన వాద్యబృందంలో ఇలాంటి వీణలున్నాయని చైనావాళ్లు రాసి పెట్టుకున్నారు. నేడు అక్కడ దాని పేరు సౌంగ్, తీగలు 16. మన ఉత్తరాంధ్ర జనం కూలికి రంగం, అంటే రంగూన్, పోయిన రోజుల్లో ఏ పండుగకో ఆ వాద్యం విని, ఇదేదో కొత్త దేశపు వింత అనుకుని ఉంటారు. తమ పూర్వులు కృష్ణ ఒడ్డున రాతిలో చెక్కిందే అదని ఎవరు చెబుతారు వాళ్లకు?

దేశం లోపల కూడా ఒక తీగ తెగకుండా ఉంది. మధ్యప్రదేశ్‌లో మండ్లా వైపు గోండుల కథలు పాడే పర్ధానుల దగ్గర ఐదు తీగల బీన్ బాజా ఉంది. అదీ వంపు వీణే. మన ఆదిలాబాద్ పర్ధానులు కథ చెప్పేటప్పుడు కీక్రి అనే కమాను వాద్యం పట్టుకుంటారు, వాళ్ల చుట్టాలే అక్కడ బీన్ బాజా పట్టుకుంటారు. సముద్రగుప్తుడి నాణెం మీదున్న వాద్యానికి ఈ దేశంలో మిగిలిన వారసులు ఆ కొద్ది కుటుంబాలే. ఇది విని మనకు కాస్త సిగ్గు వేసినా తప్పు లేదు.

ఇక యూరప్ దారి వేరు. అక్కడి హార్ప్ కూడా మొదట ఒక్క మేళానికే కట్టుబడి ఉండేది. రాగం మారాలంటే ఆపి మళ్లీ శ్రుతి చేసుకోవాలి. దీనికి పూర్తి మందు కనిపెట్టినవాడు సెబాస్టియన్ ఎరార్. 1810లో మూడు గాళ్ల పెడళ్ల హార్ప్‌కు పేటెంటు తీసుకున్నాడు. మన భాషలో చెబుతాను. ఏడు స్వరాలకు ఏడు పెడళ్లు. ఒక్కో పెడల్‌కు మూడు గాళ్లు. గాంధారం పెడల్‌ను ఒక గాడి కిందికి తొక్కితే వాద్యంలో ఉన్న సాధారణ గాంధారాలన్నీ, మంద్రం నుంచి తార వరకు, ఒక్కసారే అంతర గాంధారాలైపోతాయి. అంటే ఖరహరప్రియ వాయిస్తున్నవాడు ఒక్క తొక్కుతో హరికాంభోజిలోకి వెళ్లిపోతాడు. పైన చేతులు ఒకటి చేస్తూంటే కింద పాదాలు ఇంకొకటి చేస్తుంటాయి. సభలో కూర్చున్నవాళ్లకు చేతులే కనిపిస్తాయి.

నేటి కాన్సర్ట్ హార్ప్‌కు 47 తీగలు. మనిషెత్తు ఉంటుంది, 35, 40 కిలోల బరువు. ఏ తీగ ఏదో తెలియడానికి ఒక స్వరం తీగలకు ఎరుపు, ఇంకో స్వరం తీగలకు నలుపు రంగు వేస్తారు. చిటికెన వేలు వాడరు, చేతికి నాలుగు వేళ్లే. మోగించడం పెద్ద కష్టం కాదు, పిల్లి నడిచినా మోగుతుంది. కష్టమంతా ఆపడంలో ఉంది. మీటిన తీగ తనంతట తాను వెంటనే ఆగదు. కింది తీగలైతే చాలాసేపు ఝుమ్మంటూనే ఉంటాయి. రెండో స్వరం మొదటిదానితో కలిసి మసకబారకుండా అరచేత్తో ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు వదలాలో తెలిసినవాడే వైణికుడు. పోటీల్లో జడ్జీలు చెవులు రిక్కించేది అక్కడే. మధ్య తీగలు పేగుతో చేసినవి. గాలిలో తేమ మారితే శ్రుతి జారుతుంది, ఒక్కోసారి వేదిక మీదే టప్పున తెగుతాయి. ఇంద్రుడు రాడు. తెగిన తీగ స్వరాన్ని పక్కవాటితో సర్దుకుంటూ ముగించాల్సిందే.

ఈ వాద్యానికి అంతర్జాతీయ పోటీ మొదట పెట్టింది ఇజ్రాయెల్‌లో, 1959లో. ప్రొపెస్ అనే ఆయన పూనుకున్నాడు. దావీదు రాజు తీగల వాద్యం వాయించిన నేల కదా, ఆ పేరు మీద ప్రపంచంలోని యువ వైణికులందర్నీ ఒకచోటికి పిలవాలన్నది ఆయన తలంపు. మొదటి పోటీలో సుజానా మిల్డోనియన్ అనే యువతి గెలిచింది. అప్పటినుంచి మూడేళ్లకోసారి జరుపుతూ వచ్చారు. అమెరికాలో 1989లో సుజాన్ మెక్‌డొనాల్డ్ అనే గొప్ప అధ్యాపకురాలు ఇండియానా విశ్వవిద్యాలయం ఉన్న బ్లూమింగ్టన్‌లో ఇంకొకటి మొదలుపెట్టింది. అదీ మూడేళ్లకోసారే. ఇవి కాక చిన్న పిల్లలకు వయసుల వారీగా యూరప్‌లో చాలా పోటీలున్నాయి. వాటితో పాటే ఉత్సవం, కచేరీలు, పెద్దల పాఠాలు, వాద్యాలు చేసేవాళ్ల అంగళ్లు ఉంటాయి.

పోటీ ఎలా నడుస్తుందన్న వివరం జోలికి ఎక్కువ పోను. దశల వారీగా వడపోత, చూడకుండా వాయించడం, ఆఖరి దశలో ఆర్కెస్ట్రాతో కలిసి ఒక కాన్చెర్టో. ఎక్కడైనా ఇంతే. నేను ఆగి చూసేది రెండు విషయాల దగ్గర.

ఒకటి, బహుమతి. ఇజ్రాయెల్‌లోనూ బ్లూమింగ్టన్‌లోనూ మొదటి బహుమతిలో ముఖ్యమైనది డబ్బు సంచీ కాదు, హార్పే. చికాగోలో 1889 నుంచి హార్పులు చేస్తున్న లయన్ అండ్ హీలీ కంపెనీ కాన్సర్ట్ హార్ప్. మామూలు కాన్సర్ట్ హార్ప్ ధర కూడా మన రూపాయల్లో లక్షల్లోనే ఉంటుంది. హార్ప్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది బడిలో ఉన్న వాద్యం మీదో, అద్దె వాద్యం మీదో సాధన చేస్తారు. గెలిచిన పిల్లకు ఇక బతుకంతా వాయించుకోవడానికి సొంత వాద్యం దొరుకుతుంది. చేసే కంపెనీకి పేరు వస్తుంది, పని ఉంటుంది. శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి ఫోటో తీసే మన అలవాటుతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. మా ఇళ్లలో అటకల మీద ఎన్ని మెమెంటోలున్నాయో, వాటిలో ఒక్కటైనా మోగుతుందా?

రెండోది, కొత్త రచన. ఇలాంటి పోటీల్లో ఇప్పటి స్వరకర్త రాసిన కొత్త రచన ఒకటి తప్పనిసరిగా వాయించాలన్న నియమం చాలాచోట్ల ఉంది. ఆ ఏడు పోటీకి వచ్చిన దేశదేశాల పిల్లలంతా అది నేర్చుకుని తీరాలి. పోటీ అయిపోయాక ఆ రచన వాళ్లతో పాటు అన్ని దేశాలకూ పోతుంది. ఈ పద్ధతి కొత్తది కాదు. పారిస్‌లో ప్లేయెల్ కంపెనీ పెడళ్లు లేని, తీగలు ఎక్కువున్న కొత్త హార్ప్ ఒకటి తెచ్చింది. దాని గొప్ప చాటడానికి 1904లో స్వరకర్త డెబ్యుసీ చేత రెండు నృత్యాలు రాయించింది. బ్రస్సెల్స్ సంగీత కళాశాలలో ఆ హార్ప్ విద్యార్థుల పోటీకి అవే పరీక్షాంశం. ఎరార్ కంపెనీ ఊరుకుంటుందా? మరుసటి ఏడే ఇంకో స్వరకర్త రవెల్ చేత తమ పెడల్ హార్ప్‌కు ఇంకో రచన చేయించింది. మిత్రులతో పడవ ప్రయాణానికి పోయే హడావుడిలో, నిద్ర మానుకుని గబగబా రాసి ఇచ్చాడట రవెల్. వ్యాపారంలో ప్లేయెల్ ఓడిపోయింది, ఆ పెడళ్లు లేని హార్ప్ మూలపడింది. కానీ డెబ్యుసీ నృత్యాలను నేటికీ పెడల్ హార్ప్ మీదే వాయిస్తున్నారు. రవెల్ రచన కూడా పక్కనే ఉంది. రెండు కంపెనీలు పోట్లాడుకుంటే లాభపడింది వాద్యం.

అందుకే నేననేది, పోటీ గెలిచే పిల్లవాడి కోసం అని మనం అనుకుంటాం గానీ, సరిగా పెడితే అది వాద్యం కోసం. గెలిచేది ఒక్కరే. మిగిలిన ముప్పై నలభై మందీ ఇళ్లకు పోయి ఏం చేస్తారు? ఆర్కెస్ట్రాల్లో చేరతారు, బళ్లలో పాఠాలు చెబుతారు, ఇంకో ఇరవై మంది పిల్లలకు నేర్పుతారు. హార్ప్ లాంటి ఖరీదైన, మోయలేని, శ్రుతి నిలవని వాద్యం ఇన్నాళ్లు బతికిందంటే ఆ ఓడినవాళ్ల పుణ్యమే. కాశీ జనానికి ఈ సంగతి తెలిసి ఉంటే ఆ రాళ్లు విసరకపోదురు.

హార్ప్‌కు మా చుట్టుపక్కల ఊళ్లతో ఒక చిత్రమైన సంబంధం కూడా ఉంది. దారిలో తగిలింది కాబట్టి చెప్పి పోతాను. జాజ్ సంగీతంలో పేరు మోసిన జాన్ కోల్ట్రేన్ ఇంటికి ఒక హార్ప్ తెప్పించాడు. అది చేరేలోపే, 1967లో ఆయన పోయాడు. ఆ హార్ప్ అందుకున్న భార్య ఆలిస్ దాన్ని సొంతంగా సాధించి, జాజ్‌లో హార్ప్‌కు ఒక చోటు సంపాదించింది. తర్వాత స్వామి సచ్చిదానంద శిష్యురాలైంది, మన దేశం వచ్చింది. ఆపైన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో తాను పెట్టిన ఆశ్రమానికి సాయి అనంతం అని పేరు పెట్టుకుంది. పుట్టపర్తి మాకెంత దూరం? పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. నల్లజాతి అమెరికన్ హార్ప్ కళాకారిణి మన భజన కీర్తనలు పాడటం, ఆ రికార్డులను ఇప్పటి కుర్రకారు వెతుక్కుని వినడం, ఇవన్నీ ఏ లెక్కలో వేయాలో నాకు తెలియదు. వాద్యాలకు వీసాలుండవు.

మనకూ పోటీలు లేకపోలేదు. ఆకాశవాణి యువ కళాకారులకు పెట్టే సంగీత పోటీల్లోంచి వచ్చి పెద్దవాళ్లైనవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, కర్ణాటకలోనూ ఉన్నారు. అమెరికాలో 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. వసంతకాలం రాగానే పిల్లలు పోటీలకు పెట్టె బేడా సర్దుకుని అక్కడికి చేరతారు. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు కూడా వేదికెక్కితే త్యాగయ్య తెలుగును వల్లించాల్సిందే. ఆ పోటీ మన భాషకు కూడా కాస్త ఊపిరి పోస్తోందని నాకు లోలోపల సంతోషం. అయితే గెలిచిన పిల్లకు బొబ్బిలి వీణ ఒకటి బహుమతిగా ఇచ్చే పోటీ ఎక్కడైనా ఉంటే ఎంత బాగుండును. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి, అతుకు లేకుండా ఏకాండి వీణ చేస్తారు. భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాగితం మీద గౌరవం దక్కింది. వాళ్ల దగ్గర షోకేసులో పెట్టే చిన్న బొమ్మ వీణలను కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాయించే వీణకు ఆర్డర్లు కావాలి.

అంత దూరం కూడా ఎందుకు, మా ఊరి సంగతికే వస్తాను. మంగళవాడ పావగడ తాలూకాలో ఉంది. తాలూకా కర్ణాటకలో ఉంది గానీ చుట్టూ ఆంధ్ర. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. రేడియో తిప్పితే ఒక పక్క బెంగళూరు, ఒక పక్క అనంతపురం. బయటి ప్రపంచానికి పావగడ అంటే తిరుమణి దగ్గర వేల ఎకరాల్లో పరుచుకున్న సౌర విద్యుత్ పలకలు, లేదా వానలు రాని శెనక్కాయ చేలు. ఈ నేలకు ఒక సొంత వాద్యం ఉంది. అదే ఉరుము. అనంతపురం వైపు, చిత్రదుర్గం వైపు, తుమకూరు వైపు, మూడు పక్కలా ఉన్నది ఈ ఉరుమే. అమ్మవారి జాతరొస్తే ఉరుములవాళ్లు రాకుండా తేరు కదలదు.

ఉరుమును దగ్గరగా చూడనివాళ్ల కోసం చెబుతాను. భుజాన వేలాడే రెండు ముఖాల వాద్యం. ఒక ముఖాన పుల్లతో కొడతారు. రెండో ముఖాన కొట్టరు, వంకర పుల్లను తోలు మీద ఒత్తి లాగుతారు. అప్పుడు వచ్చే శబ్దం మోత కాదు, గుర్రుమనే నాదం. ఒత్తిడి పెంచితే పైకి పాకుతుంది, వదిలితే కిందికి జారుతుంది. వినండి, ఇది గమకమే! హార్ప్ చేయలేకపోయిన పనిని ఒక తోలు వాద్యం జాతరలో నిలబడి చేస్తోంది. ఆ పుల్ల లాగే ఒడుపు రావడానికి ఏళ్లు పడుతుంది. చెయ్యి జారితే కీచుమంటుంది, పక్కనున్న పెద్దాయన ఒక చూపు చూస్తాడు. ఆ పిల్లవాడికి జరిగే పరీక్ష ప్రస్తుతానికి అదొక్కటే.

తరతరాలుగా కొన్ని దళిత కుటుంబాలు ఈ వాద్యాన్ని మోసుకొచ్చాయి. మోయడం అంటే నిజంగా భుజాన మోయడమే. ఆ కుటుంబాల పిల్లలు ఇప్పుడు చదువులకు, బెంగళూరు పనులకు పోతున్నారు. పోవాలి కూడా. ఉరుము కోసం ఊళ్లో ఉండిపొమ్మని చెప్పే హక్కు నాకు లేదు, మీకూ లేదు. కానీ చదువుకునే పిల్ల కూడా హార్ప్ నేర్చుకున్నట్టు ఉరుము నేర్చుకోవచ్చు గదా. గుడి ముందు వాయించడమే గాక వేదిక ఎక్కి, జడ్జీల ముందు, ఆ కులం వాళ్లైనా ఇంకే కులం వాళ్లైనా, ఆడపిల్లలైనా మగపిల్లలైనా వాయించవచ్చు గదా.

నా మనసులో ఉన్న పోటీ ఇలా ఉంటుంది. పావగడలో పెట్టాలి, రెండు రాష్ట్రాల పిల్లల్నీ పిలవాలి. వయసు పద్దెనిమిదికి లోపు. మొదటి దశలో పిల్లవాడు తన ఊరి పెద్దల దగ్గర కాక, ఇంకో ఊరి పెద్దల దగ్గర నేర్చుకున్న దరువు వాయించాలి. ఈ ఒక్క నియమం పెడితే పోటీకి ముందు ఆరు నెలలు మడకశిర పిల్లవాడు చెళ్లకెర పోతాడు, చెళ్లకెర పిల్లవాడు మా వైపు వస్తాడు. రెండో దశలో ఆ ఏటికని కట్టించిన కొత్త దరువు ఒకటి అందరూ వాయించాలి. మైకులు పెట్టకూడదు. లౌడ్‌స్పీకర్ పెట్టారంటే పుల్ల లాగే నాదం పోయి మోత మాత్రం మిగులుతుంది, జాతరల్లో అది చాలాసార్లు విన్నాను. జడ్జీలుగా వాయించే పెద్దవాళ్లే కూర్చోవాలి, కుర్చీల్లో. వాళ్లను నేల మీద కూర్చోబెట్టి అధికారులు కుర్చీలు ఎక్కే పద్ధతి ఆ రోజుకైనా మానాలి. అక్కడే తోలు తీసేవాళ్లు, మూసేవాళ్లు, బిగించేవాళ్లు అందరి కళ్ల ముందు పని చేయాలి. పోటీలో తోలు పగిలితే పిల్లవాడు వాళ్ల దగ్గరికి పరుగెత్తాలి, వాళ్లు బాగుచేసి ఇచ్చాక మళ్లీ వేదిక ఎక్కే అవకాశం ఉండాలి.

మొదటి బహుమతి కొత్త ఉరుము. దానికి అయ్యే ఖర్చు, మన సభల్లో ఫ్లెక్సీలకూ పూలదండలకూ అయ్యేదాని కంటే తక్కువే ఉంటుంది. రెండో బహుమతీ ఉరుమే. మూడోది కూడా. ఓడిన పిల్లలకు దారి ఖర్చులు, మధ్యాహ్నం రాగి సంగటి, శెనక్కాయల పచ్చడి. సంగీతం మాస్టార్లు, పంచాయతీ సభ్యులు, బడుల్లో పనిచేసే టీచర్లు ఎవరైనా ఇది వింటూ ఉంటే, జాతరలు అయిపోయే రోజు చూసుకుని ఒక తేదీ వేయండి. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి కరపత్రం రాసే పని నేను తీసుకుంటాను.